గేటు దగ్గర చాయ్ హోటల్ ఆయన

1964లో నేను జడ్చర్లలో ఒక దినపత్రికకు విలేకరిని. మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికి వార్తల కవరు ఇస్తే సాయంత్రానికి హైదరాబాదులో వార్తలు దిద్దే డెస్కుకు చేరేది, మర్నాడు అచ్చయ్యేది. ఆ వేసవిలో మా టూరింగ్ టాకీసుకు ఒక ఫైటింగు సినిమా వచ్చింది. ముఠా గుట్టు లాగడానికి పోలీసు ఇన్‌స్పెక్టరు ఖైదీ వేషంలో జైలుకు వెళ్లే కథ. జనం ఏమంటున్నారో రాసి పంపమని డెస్కు అడిగింది.

నేల టికెట్టు వాళ్లు ఈలలు వేశారు. కుర్చీలో కూర్చున్న బడిపంతులు మాత్రం, ఒక్కడు పాతికమందిని కొట్టడమేమిటని పెదవి విరిచాడు. మర్నాడు పొద్దున రైల్వే గేటు దగ్గర చాయ్ తాగుతూ హోటల్ నడిపే ఎల్లయ్యనూ అడిగాను. అప్పుడక్కడ మేమిద్దరమే ఉన్నాం.

"కొట్టుడు సరే సారూ. నిజం జైలైతే గా పోలీసాయన మొదటి పూటనే దొరుకుతడు. పళ్లెం ముంగట వెట్టుకొని చేతులూపుకుంట ముచ్చట్లు చెప్తడు. జైల్ల ఎవడన్న గట్ల తింటడా? ఎడమచెయ్యి పళ్లెం చుట్టు పెట్టుకుంటడు. లేకుంటే రొట్టె పక్కోని నోట్లుంటది."

నీకెలా తెలుసన్నాను. కొట్లాట కేసులో మూడేళ్లు లోపల ఉండి వచ్చానన్నాడు. "ఈడ అందరు బొంబాయి మిల్లుల జేసొచ్చిండనుకుంటున్నరు. పేరు రాయకుండ్రి."

రాయలేదు. అయితే మాట ఎవరిదో పాఠకుడికి కొంతైనా తెలియాలన్నది మా వృత్తి నియమం. పేరు ఇవ్వలేనప్పుడు పని, చోటు ఇస్తాం. "జైలు జీవితం ఎరిగిన, రైల్వే గేటు వద్ద చాయ్ హోటల్ నడిపే ఒకరు" చెప్పారంటూ ఆ పళ్లెం మాట రాశాను. డెస్కుకు ఆ వాక్యం నచ్చి, చుట్టూ గీతలు గీసి బాక్సుగా వేసింది. హైదరాబాదు పాఠకుడికి అందులో ఎవరూ కనిపించరు. మా గేటు దగ్గర ఉన్న హోటల్ మాత్రం ఒక్కటే.

పేపరు వచ్చిన రోజు నేను వెళ్లేసరికి అక్కడ ఒకాయన ఆ వార్తనే పైకి చదువుతున్నాడు.

"ఏం ఎల్లన్నా, బొంబాయి మిల్లుకు గూడ ఊచలుంటయా?" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

ఎల్లయ్య గ్లాసులు కడుగుతూనే నాతో అన్నాడు: "మాట తప్పలే సారూ. పేరొక్కటి ఇడిసిపెట్టి అంత రాసిన్రు."

నెల తిరగకముందే జాగా కిరాయికిచ్చినాయన ఖాళీ చేయించాడు. ఎల్లయ్య పెళ్లాం పిల్లలతో నందికొండ డ్యాం పనులకు వెళ్లిపోయాడు. సవరణ వేద్దామంటే వార్తలో తప్పేమీ లేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, పేరు దాచమన్నవాళ్ల మాటను పంపేముందు వాళ్ల వీధివాడు చదివినట్టు ఒకసారి చదువుకునేవాణ్ణి. మనిషి ఎవరో తెలిసిపోతే, ఎంత మంచి వాక్యమైనా కొట్టేసేవాణ్ణి.