పసుపు మూత డబ్బాలో పారేసిన చదువు

నిన్న మా పక్కింటి తెలుగమ్మాయి టీ తాగుతూ, పిల్లవాణ్ణి ఇంట్లోనే చదివించుకుంటే ప్రభుత్వం వాళ్లు ఏడాదికి ఎన్ని పరీక్షలు పెడతారాంటీ అని అడిగింది. ఒక్కటీ పెట్టరమ్మా అన్నాను, ఆ చట్టమేదో నేనే రాసినంత ధీమాగా. ఆమె వెళ్లాక నాలో నేనే నవ్వుకున్నాను, ఎందుకంటే పన్నెండేళ్ల కిందట దేశం కాని దేశంలో, ఇదే పియారా వాటర్స్ పేటలో, ఇదే ఇంట్లో, ప్రభుత్వం వాళ్ల కాగితాల్లో ఆ మాట కళ్లారా చదివి కూడా నమ్మని మనిషిని నేను.

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా బడిలో నోరు విప్పడం మానేసింది. ఇంట్లో వాగుడుకాయ, కొత్తవాళ్లు కనబడితే మాత్రం మూగనోము. టీచర్లు మంచివాళ్లే, చేయగలిగిందంతా చేశారు కానీ, పిల్ల సాయంత్రం కారెక్కగానే వెక్కి వెక్కి ఏడుస్తుంటే చూడలేక, మావారిని ఒప్పించి, ఉద్యోగం మానేసి, ఇంటి చదువుకు నమోదు చేయించాను. మూడు నెలల్లోపు విద్యాశాఖ తరఫున మోడరేటర్ అనే ఆవిడ ఇంటికొచ్చి మన ప్రణాళిక చూస్తుంది, ఆ తర్వాత ఏడాదికోసారి వచ్చి పిల్ల ఎంత ముందుకెళ్లిందో చూసి రిపోర్టు రాస్తుంది. ఆ ఎదుగుదల కనబడకపోతే నమోదు రద్దయినా కావచ్చు, పిల్ల మళ్లీ బడికి వెళ్లాల్సిందే. నాకు భయమల్లా అదే.

మన తరంలో సైన్సు చదివిన వాళ్లకు రికార్డు పుస్తకం సంగతి నేను చెప్పాలా? ఒక్క కొట్టివేత ఉంటే లెక్చరర్ పేజీ చింపి మొహాన కొట్టేవారు. ఆ భయభక్తులతోనే ఏడాది పొడుగునా యూనిట్ టెస్టులు, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ పెట్టి, ప్రోగ్రెస్ కార్డులో క్లాస్ టీచర్ చోట నేనూ, తండ్రి చోట మావారూ సంతకాలు చేసి, పిల్ల చేత లెక్కలూ వ్యాసాలూ అన్నీ కొత్త నోటు పుస్తకాల్లోకి ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించాను. మోడరేటర్ రెండోసారి వచ్చే రోజు పొద్దున రఫ్ పుస్తకాలన్నీ రీసైక్లింగ్ డబ్బాలో, అదే, పసుపు మూతది, అందులో పడేసి చేతులు దులుపుకున్నాను.

ఆవిడ ఓపిగ్గా పేజీలన్నీ తిప్పింది. చాలా అందంగా ఉన్నాయి గానీ మొదటి నెలా ఆఖరి నెలా ఒకేలా ఉన్నాయే, పిల్ల ఎక్కడ తడబడింది, ఎలా నేర్చుకుంది అని మెల్లగా అడిగింది. మా పిల్ల అసలు తప్పులే చేయదండీ అన్నాను. ఆవిడ ఏమీ రాయకుండానే పెన్ను కింద పెట్టింది.

అంతవరకూ సోఫా వెనక నక్కి ఉన్న మా అమ్మాయి అప్పుడు గట్టిగా అంది: "అమ్మా, మై రఫ్ బుక్స్ యెల్లో బిన్‌లో ఉన్నాయి! బిన్ ట్రక్ వచ్చేది రేపు కదా, ఐ విల్ గెట్ దెమ్!"

కొత్త మనిషి ఎదుట, నా కూతురు! నేను తేరుకునేలోపే బయటికి పరుగెత్తి, ఆ పుస్తకాల దొంతరను గుండెలకు హత్తుకుని వచ్చి, డబ్బాలోని ఖాళీ పాల సీసాల వల్ల పాల వాసన కొట్టే పేజీలను ఆవిడ ముందు నేల మీద పరిచింది. మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి మూడో వంతు కంటే నాలుగో వంతే పెద్దదనుకుందట, అమ్మ దోసెలు కోసి చూపించాక తెలిసిందట. "సీ, ఇక్కడ ఐ వాజ్ సో రాంగ్!" అని పకపకా నవ్వింది. అరగంట సేపు ఆ నోరు ఆగితే ఒట్టు. ఆవిడ రాస్తూనే ఉంది. నా ప్రోగ్రెస్ కార్డు వంక ఎవరూ చూడనే లేదు.

చదువు సంతృప్తికరంగా సాగుతోందని రిపోర్టు వచ్చిన రోజు పూర్ణాలు చేసి వీధంతా పంచాను. గెలిచాం, అంతే! మరో రెండేళ్లకు హైస్కూలుకు వెళ్తానని తనే అడిగింది. నమోదు రద్దు చేయమని ఈసారి నా చేత్తో నేనే రాసిచ్చాను.

ఇప్పుడు యూనివర్సిటీలో వందమంది ముందు నిలబడి తడుముకోకుండా మాట్లాడుతుంది. తన వ్యాసాలు అప్పుడప్పుడు నాకూ పంపుతుంది. అన్నీ కంప్యూటర్లో దిద్దుకుని, ఒక్క తప్పు లేకుండా పంపుతుంది. ఎక్కడ తడబడిందో నాకిక తెలియదు.