చెమ్మ లేని ఈతచెట్టు

మొన్న మెట్‌పల్లి రోడ్డు పక్కన కొత్త ఫంక్షన్ హాలు ముందు, లారీలోంచి దించిన ఈత జాతి చెట్లను నిలబెట్టి, కర్రలు ఊతమిచ్చి, మట్టలన్నీ పైకి చేర్చి కట్టేస్తుంటే తడిసిన గోనెసంచి వాసన కొట్టింది. నాకు అక్కడ నిలబడబుద్ధీ కాలేదు, కదలబుద్ధీ కాలేదు.

మాది చందుర్తి పక్క పల్లె. మా తాత కల్లు గీసే ఇరవై ఈతచెట్లు వేరే ఆసామి చెలకలో ఉండేవి. వానాకాలంలోగా అవి కొట్టేసి పసుపు పెడతానని ఆయన చెప్పిన చలికాలంలోనే మా బాపు మస్కట్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చాడు. అక్కడ ఆయన పని రోడ్ల వెంట ఖర్జూరం చెట్లు నాటడం. ఒక్క చెట్టును లేపి తెచ్చి బతికిస్తే మిగతావీ మా ఇంటెనక జాగాకు తెచ్చుకుందామని, తాతతో కలిసి కల్లు గీసుకుంటూ ఇక్కడే ఉంటానని, ఇక మస్కట్ పోనని అన్నాడు. ఆ మాటకు మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, పండుగ కాకపోయినా సకినాలు చేసింది.

వేరుముద్ద చెదరకుండా ఎడ్లబండి మీద తెచ్చి, మునుపున్న లోతుకే నాటి, మన్ను తొక్కి, పాదు చేసి, మంచుకు తట్టుకునేలా మట్టల చుట్టూ గోనెసంచి చుట్టాడు బాపు. "నెత్తిమీద పొయ్యకు బిడ్డ, మొవ్వు కుళ్లుతది. ఏర్లకే పొయ్యాలె" అన్నాడు. మొవ్వంటే నడినెత్తిన లేచే లేతాకు. పక్క మట్టతో సమానంగా దానికొక నూలుపోగు కట్టి, రోజూ మొహమైనా కడగకుండా, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా గోనె విప్పి చూసేదాన్ని. పోగు ఉన్నచోటే ఉండేది.

తాత కాలుగాలిన పిల్లిలా చెట్టు చుట్టూ తిరిగేవాడు. ఒకరోజు పొద్దున్నే కత్తి తీసి మెడ దగ్గర గీశాడు. చుక్క ఊరలేదు. "చెమ్మ లేదు కొడుకా, సచ్చింది" అన్నాడు. చెట్టు బతుకును కల్లుతోనే కొలిచిన మనిషి ఆయన. వేర్లు తెగిన చెట్టు ఉన్న కాస్త తడినీ లోపలే దాచుకుంటుందని, వేర్లు పట్టేదాకా నెలల తరబడి ఆగాలని బాపుకు తెలుసు. తెలిసీ తండ్రి చేతిని కాదనలేకపోయాడు. సెలవు నాలుగు రోజులే మిగిలింది. వెళ్లిపోయాడు. తాత మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే, నెలదాకా ఆయన పక్కన కూర్చుని బువ్వ తినలేదు.

నీళ్లు పోయడం మాత్రం మానలేదు. ఉగాది దాటిన పదిరోజులకు పోగు నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. అరుచుకుంటూ వెళ్లి అవ్వను పిలుచుకొచ్చాను. ఆమె మొవ్వును ముట్టుకుని పాదు పక్కనే కూలబడింది. బాపుకు ఆమె పంపే ఉత్తరాలు నేనే రాసేదాన్ని. ఆ సాయంత్రం పెన్ను తీస్తే చెయ్యి పట్టుకుంది.

"చెట్టు ముచ్చట రాయకు బిడ్డ. మస్కట్ సేఠు రానియ్యడు, మీ బాపుకు గాడ ఊకె పానం కొట్టుకుంటది."

అందరం మంచిగున్నం అని రాశాను. వానలు పడకముందే చెలకలోని పందొమ్మిది చెట్లూ కొట్టేశారు.

నాలుగేళ్లకు బాపు వచ్చేనాటికి ఆ చెట్టుకు తాత కల్లు పట్టే లొట్టి కట్టాడు. ఎప్పుడు బతికిందని బాపు అడిగితే, నువ్వు పోయిన రెండు నెలలకని అవ్వ చెప్పింది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె అచ్చేటోనివా?"

మస్కట్‌లో ఆయన పాస్‌పోర్టు సేఠు చేతిలో ఉండేది.

ఇప్పుడు ఆ చెలకలో ప్లాట్ల రాళ్లు పాతారు. మా చెట్టు రోడ్డు కింద పోయింది. తాత లేడు, అవ్వ లేదు. బాపు నా దగ్గరే ఉంటున్నాడు. ఆ ఉత్తరం రాసిందెవరని ఏనాడూ అడగలేదు. అప్పట్లో మా ఇంట్లో రాయడం వచ్చింది నాకొక్కదానికే.