నీళ్లింకని ఇంకుడు గుంత

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు దాని చదువులో నేను ఎంతగా జొరబడ్డానంటే, ఇంకాస్త ఉంటే హాజరుపట్టీలో నా పేరు కూడా ఎక్కేది. పుస్తకాలకు అట్టలు నేనే వేసేవాణ్ణి, పటాలు నేనే గీసేవాణ్ణి. నేను గీసిన రాష్ట్ర పటంలో డోన్ విశాఖపట్నమంత ఉండేది. సొంత ఊరి మీద అభిమానం, ఏం చేస్తాం. అమ్మాయి పక్కన కూర్చుని పెన్సిళ్లు చెక్కిచ్చేది.

డోన్‌లో నాది బండల పాలిష్ ఫ్యాక్టరీ. రెండు మిషన్లు, ఒక రేకుల షెడ్డు, రాయలసీమ మొత్తానికీ సున్నం కొట్టగలిగినంత తెల్ల దుమ్ము. ఆ ఏడు బడిలో సైన్సు ప్రదర్శన పెట్టారు. పాత బకెట్టులో ఇంకుడు గుంత నమూనా చేస్తానంది అమ్మాయి.

“బండల ఫ్యాక్టరీ వాని కూతురు బకెట్టు ఎత్తుకొని పోతే నా పరువేం కావల్ల?” అన్నాను.

నాలుగు పక్కలా నాలుగు బండలు, అడుగున ఇంకొకటి. మెరుపు చూస్తే అందులో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. అతుకుల్లో చీమ కాదు కదా, చీమ ఆలోచన కూడా దూరకుండా తెల్ల సిమెంటు పట్టించాను. లోపల కంకర, ఇసుక పొరలు పొరలుగా పోశాను.

“నాయనా, అడుగున బండ వద్దేమో...” అని గొణిగింది అమ్మాయి.

“ఇరవై ఏండ్లనుంచి బండలతోనే బతుకుతాండా. నాకు చెప్తావా నువ్వు?”

దాన్ని ట్రాలీ ఆటోలోకి ఎక్కించడానికి నలుగురు కావలసివచ్చారు. ఎక్కించగానే ఆటో ముందు చక్రం ఆకాశానికి దండం పెట్టింది.

ప్రదర్శనలో సైన్సు మేడం నీళ్లు పొయ్యమంది. అమ్మాయి ఒక చెంబు పోసింది. రెండు. ఐదు. నీళ్లు అంచు దాకా వచ్చి, నా పాలిష్ మీద తళతళలాడుతూ నిలబడ్డాయి. ఒక్క చుక్క ఇంకితే ఒట్టు.

“తాగేకి ఎనుముల్ని తోలుకొని రమ్మంటావా?” అన్నాడు వెనకనుంచి ఒక పిల్లోడు. గది గదంతా నవ్వింది.

“ఎందుకు ఇంకలేదో చెప్పమ్మా” అంది మేడం. అమ్మాయికి జవాబు తెలుసు. ఒకసారి నా వైపు చూసింది. తల దించుకుంది. నా తప్పును నలుగురిలో చెప్పడం ఇష్టంలేక, తెలియనిదానిలా నిలబడింది.

ఇంటికొచ్చి, “నేనింక బడికి పోను” అంది. రెండు రోజులు నిజంగానే పోలేదు. మా ఆవిడ నాతో మాటలు మానేసి గిన్నెలతో మాట్లాడించింది. ఆ గిన్నెల గొంతు నందికొట్కూరు దాకా వినపడి ఉంటుంది.

మూడో రోజు బడికి వెళ్లి మేడం ముందు నిలబడి జరిగింది చెప్పాను.

“శనివారం తల్లిదండ్రుల సమావేశంలో మీ పాపను మళ్లీ చేసి చూపించమనండి. మీరు మాత్రం ముట్టుకోవద్దు” అందామె.

“మరి నేనేం చెయ్యల్ల మేడం?”

“పక్కన కూర్చోండి. ప్రశ్నలడగండి. జవాబులు చెప్పొద్దు.”

అంతకన్నా వట్టి చేతులతో కొండ తవ్వమన్నా తవ్వేవాణ్ణి. ఇంటికొచ్చి, “బండ తప్పు నాదేమ్మా. నువ్వు ముందే చెప్తివి, నేనే ఇనలేదు” అన్నాను.

“మళ్లీ నువ్వే చేస్తావులే నాయనా.”

“చెయ్యి పెడితే నన్ను కొట్టమను మీయమ్మను.”

“సంతోషంగా కొడతా” అంది మా ఆవిడ. రెండు రోజుల్లో నాతో ఆమె మొదటి మాట.

అమ్మాయి పాత బకెట్టుకు అడుగున బొక్కలు పెట్టి ఇసుక పోసింది. నీళ్లు పోయగానే ఇసుకంతా కిందికి జారిపోయింది. అడుగున పెద్ద రాళ్లు వేయాలన్న మాట నా నాలుక చివర ఎద్దులా కుమ్ముతోంది. నా అరచేతుల మీద నేనే కూర్చుని, “ఇసుక యాడికి పోతాంది?” అని మాత్రం అడిగాను.

అది చాలాసేపు బకెట్టు కిందికి చూసింది. తర్వాత లేచి వెళ్లి వీధిలో రాళ్లు ఏరుకొచ్చింది. పెద్దవి కింద, చిన్నవి పైన, ఆ పైన ఇసుక. ఆ సాయంత్రం నాకు వయసు పదేళ్లు పెరిగింది.

శనివారం పొద్దున చెప్పించుకోకుండానే యూనిఫాం వేసుకుంది. సమావేశంలో నీళ్లు పోస్తే గుటగుటమంటూ ఇంకిపోయాయి. ఎనుముల మాటన్న పిల్లోడే ఇంకో చెంబు తెచ్చిచ్చాడు. అప్పుడు మేడం, “రెండు వానలకే పూడిక పడితే?” అని అడిగింది.

నేను నోరు తెరిచాను. మా ఆవిడ నా కాలు తొక్కింది. మూశాను.

అమ్మాయి తల దించలేదు. “పైన ఇసుక తీసి కడగల్ల మేడం. కడిగితే మళ్లీ ఇంకుతాదో లేదో ఇంకా చూడలేదు” అంది.

దారిలో బకెట్టు నన్ను మోయనివ్వలేదు. కాస్త దూరం నడిచాక అడిగింది: “నాయనా, కడిగితే ఇంకుతాదా?”

“నాకూ తెలీదు” అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు.

“అట్లయితే రేపు ఆదివారమే కదా. నువ్వు బురద కలిపి పొయ్యి, నేను ఇసుక కడిగి చూస్తా.”