చూసి రాసిన లగ్నపత్రిక

మా నాన్న మద్రాసు తొండియార్‌పేటలో ఒక బడిలో తెలుగు అయ్యవారు. ఆయన నేర్పింది చాలామటుకు చూచిరాతే. పిల్లలు తగ్గారు, తెలుగు సెక్షన్ మూసేశారు, చూచిరాత పీరియడ్‌ని కంప్యూటర్ క్లాసుకిచ్చారు. రిటైరైనప్పుడు నాన్నకు సన్మానపత్రం కూడా కంప్యూటర్‌లోనే కొట్టించి ఇచ్చారు. ఆయన దానికి ఫ్రేము కట్టించలేదు.

మా వీధి తెలుగువాళ్ల లగ్నపత్రికలన్నీ ఆయన చేత్తో రాసినవే. నాదీ అంతే. నా కూతురి పెళ్లి కుదిరేసరికి ఆయన చెయ్యి వణుకుతోంది. ఇంటివాళ్లెవరైనా చేత్తో రాయాలి, లేదంటే నిశ్చితార్థంలో కూర్చోనన్నారు. అన్నంత పనీ చేసే మనిషి, అదే మా కష్టం. నేను ఆఫీసులో ఫోనుకు చెబితే అదే రాస్తుంది. నా రాత చూసి నాన్న, "కోడి కెలికినట్టుండాది" అన్నారు. ఇక మిగిలింది నా కూతురు. బళ్లో తమిళం చదివింది. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరం ముక్క రాదు. బొమ్మలు మాత్రం బాగా వేస్తుంది.

నాన్న బీరువాలోంచి నా లగ్నపత్రిక తీసి దానికిచ్చారు. "దీన్ని చూసి రాయి."

"సెరి తాతా."

రాసి తెచ్చింది. నాన్న భూతద్దం పెట్టి ఒక్కొక్క తలకట్టూ, ఒక్కొక్క ఒత్తూ చూశారు. "అచ్చం నా రాతే" అని కళ్లు తుడుచుకున్నారు. నేనూ మురిసిపోయాను. నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టాం.

నిశ్చితార్థం రోజున రెండు వైపులవాళ్ల ముందు పురోహితుడు దాన్ని పైకి చదివాడు. పెళ్లికొడుకు పేరు దగ్గర ఆగాడు. అది మా ఆయన పేరు. మా ఆయన కాఫీలు అందిస్తున్నవారు ట్రే కింద పెట్టారు.

"పెండ్లికూతురో?" అని వియ్యపురాలు అడిగింది.

పురోహితుడు నా పేరు చదివాడు. "ముహూర్తం కూడా దాటిపోయిందమ్మా" అన్నాడు.

అందరూ నా కూతురి వైపు తిరిగారు. "చూసి రాయమన్నావే తాతా, చూసే గదా రాసినా. మార్చాలని ఎవురు చెప్పినారు?" అంది. ఎవరూ చెప్పలేదు. అక్షరాలు ఎలా ఉన్నాయో చూశామే గానీ నాన్నా చదవలేదు, నేనూ చదవలేదు.

వియ్యంకుడు పెద్దమనిషి. "పోనీలెండి, ఈడనే షాపుంది, ప్రింటు తీసేద్దాం" అన్నారు. నాన్న లేచి చెప్పులు వెతుక్కోసాగారు. నాకు సిగ్గేసింది. నా కూతురే వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. ఆయన ముందు తెల్లకాగితం పెట్టింది.

"తాతా, నా పేరు తెలుగులో ఎట్లుంటాదో నాకు తెలీదు. ఆయన పేరూ తెలీదు. నువ్వు రాసి చూపించు, చూసి రాస్తా."

"నా చెయ్యి వణుకుతాదే."

"వణకనీ. రాయి."

మార్చాల్సినవన్నీ ఆయన రాసిచ్చారు. మేం భోజనాలు చేసి వచ్చేసరికి అది కొత్త పత్రిక ముగించింది. పురోహితుడు చదువుతుంటే ఈసారి నేను పక్కనే నిలబడి ప్రతి మాటా చదివాను. వాక్యాలన్నీ నా పెళ్లినాటి నాన్న రాతలా నిలకడగా ఉన్నాయి. మార్చిన మాటలు మాత్రం, పిల్ల పేరూ పిల్లాడి పేరూ ముహూర్తమూ, అన్నీ వణుకుతున్నాయి. చూసింది చూసినట్టే రాసింది. నాకు ఏడుపు ఆగలేదు.