ఎస్సై గారి వాచీ మూత

మా అన్నయ్య వాచీలు బాగుచేస్తాడు. ముప్ఫై ఏళ్లుగా అదే ఇరుకు కొట్టు, అదే స్టూలు. ఎదుటివాడు గొంతు పెంచితే తప్పు తనదేనేమో అనుకునే రకం. అలాంటి మనిషిని సోమవారం పొద్దున చొక్కా పట్టుకుని స్టేషనుకు లాక్కెళ్లారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. తర్వాత తెలిసింది, ఎవడో కొట్టేసిన వాచీ ఒకటి ఇతని దగ్గరికి రిపేరుకు వచ్చిందట. అదీ నేరం!

నేను పరిగెత్తుకుంటూ వెళ్లాను. స్టేషను రైటరు తలైనా ఎత్తకుండా, "మీ అన్న ఇక్కడ లేడమ్మా" అన్నాడు.

"లోపల దగ్గుతున్నది ఎవరు మరి? మా అన్నయ్య దగ్గు నాకు తెలీదా? అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కబురు చెయ్యాలి, ఇరవై నాలుగు గంటల్లో కోర్టుకు తీసుకెళ్లాలి!"

"ఓహో, లాయరమ్మ వచ్చింది! అసలు అరెస్టంటూ చేస్తే కదా ఇవన్నీ?"

ఒళ్లు మండిపోయింది. మంగళవారమంతా ఆ మెట్ల మీదే కూర్చున్నాను. ఎవరినడిగినా లేడు, లేడు, లేడు.

బుధవారం కోర్టులో నిలబెట్టారు. ఆదివారం నుంచి పరారీలో ఉన్నాడట, ఆ తెల్లవారుజామునే బస్టాండులో దొరికాడట! సిగ్గూ ఎగ్గూ లేకుండా ఎస్సై గడగడా చదివేశాడు. ఇక జైలుకు పంపడమే తరువాయి. "నువ్వేమైనా చెప్పుకుంటావా?" అని మెజిస్ట్రేటు గారు అడిగారు. అన్నయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పన్నయ్యా!" అని వెనక నుంచి అరిచాను.

"ఎస్సై గారి వాచీ మూత ఓసారి తీయించండమ్మా" అన్నాడు ఆవిడతో, నేల చూపులు చూస్తూ.

జరిగిందేమిటంటే, సోమవారం సాయంత్రం తిట్లూ తన్నులూ అయ్యాక, ఆ మహానుభావుడు ఆగిపోయిన తన వాచీని ఇతని చేతే బాగుచేయించుకున్నాడు. కొట్లోంచి పనిముట్లు తెప్పించి మరీ! ఏ వాచీ విప్పినా మూత లోపల సూదితో తేదీ, సంతకం గీకడం అన్నయ్య పద్ధతి. మళ్లీ రిపేరుకు వస్తే ఎప్పుడు విప్పాడో తెలియాలిగా.

ఎస్సై చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. మెజిస్ట్రేటు గారు ఊరుకోలేదు. వాచీ బల్ల మీద పెట్టించి, మూత తీయించి, భూతద్దంతో చూశారు. సోమవారం తేదీ!

"పరారీలో ఉన్నవాడు నీ వాచీ ఎలా బాగుచేశాడయ్యా?"

అన్నయ్యను అక్కడికక్కడే విడిచిపెట్టారు.

"భలే తెలివిగా గీశావన్నయ్యా!" అన్నాను బయటికి వచ్చాక.

"తెలివా, పాడా! అలవాటు కొద్దీ గీశాను" అంటూ అన్నయ్య కోర్టు మెట్ల మీద కూలబడి ఏడ్చేశాడు. "ఆయన వాచీ బాగానే నడుస్తుంటే, నేనిప్పుడు జైల్లో ఉండేవాణ్ణి కదమ్మా!"