ఈరేషప్ప లేచిన వాయిదా

ఎమ్మిగనూరు బస్టాండు వెనక ఉన్న ఉచిత న్యాయ సహాయ కేంద్రం తలుపును అటెండరు ఈరేష్ ఇప్పటికీ తొమ్మిదింటికే తీస్తాడు. చొక్కా పైగుండీ దాకా పెట్టుకుని, వకీలు కుర్చీ తుడిచి, తను పక్కనున్న స్టూలు మీద కూర్చుంటాడు. దాతలు చేతులెత్తేశాక జీతం లేక వకీలు రావడం మానేశాడు. ఈ నెలాఖరుకు గదికి తాళం పడుతుంది. బోర్డు దింపే కూలీకి కూడా డబ్బు లేక అది అలాగే వేలాడుతోంది. అయినా గడప తొక్కినవాళ్లకు లేదని చెప్పడానికి ఈరేష్‌కు నోరు రాదు.

సుగ్గికని, అంటే కోతల కాలపు వలసకూలికని, గుంటూరు మిరపకోతలకు పోయిన లక్ష్మక్క, వాయిదా కోసం పని వదులుకుని వచ్చింది. చనిపోయిన ఆమె మొగుడి చేను తనదేనంటున్నాడు మరిది. వకీలు లేడని చెప్పలేక ఈరేష్ ఆమె వెంట ఆదోని కోర్టుకు వెళ్లాడు. పేరు పిలవగానే ఆమె అతని వీపు మీద వేలితో పొడిచింది. "లేయప్పా! నల్లకోటు లేకుంటే ఏమి, నోరుండాది కదా!"

ఈరేష్ లేచాడు.

"మీరు అడ్వకేటా?" అన్నాడు జడ్జి.

"కాదు సార్. వకీలు ఆఫీసులో పనిచేస్తాను."

వచ్చే నెల వకీలుతో రావాలని, ఇక గడువు ఇచ్చేది లేదని జడ్జి చెప్పాడు. అందులో లక్ష్మక్కకు 'వచ్చే నెల' అన్నదొక్కటే వినిపించింది.

బయటికి రాగానే ఆమె మొహం వెలిగిపోయింది. "సూసినావా, నువ్వు లేస్తానే జడ్జి ఆగినాడు! మా మరిది మొగం సూడల్ల నువ్వు! సుగ్గికాడ కేసులుండేటోళ్లు శానామంది ఉండారు. ఈరేషప్ప కాడికి పోండని అందరికీ సెప్తా."

వద్దని చెప్పాలని ఈరేష్ నోరు తెరిచాడు.

"పంపించక్కా," అన్నాడు.