బీడీలు చేసేటోళ్లకు మంచిగుండే ఇల్లు

పోయిన ఆదివారం నేను ఒక మనిషి ముందర తలకాయ వంచుకుని నిలవడ్డ. అవును, నేనే. ఇంటి ఓనర్లతోని, బస్సు కండక్టర్లతోని, ఆఖరికి కరెంటు బిల్లు కొట్టేటాయనతోని గూడ లొల్లి పెట్టుకుని గెలిచే నేను. ఆ మనిషైతె నా మొఖం గూడ సరిగ్గ చూడలే. ఒళ్ల చాట పెట్టుకుని బీడీలు చుడుతనే ఉన్నది. జర ఛాయ్ పోసుకోండ్రి, మొదటి సంది చెప్త.

నా సంగతి మీకు ఎర్కే గద. నిజామాబాద్‌ల ఇరవై ఏండ్ల సంది జాకెట్లు కుడుతున్న. మా ఆయనకు బోధన్‌ల మోటార్ వైండింగ్ దుకాణం. పొద్దుగాల బస్సెక్కి పోతడు, మాపటికి బస్సెక్కి వస్తడు. మేము ఏ కిరాయి ఇంటికి పోయినా కొన్ని దినాలకు ఓనరమ్మ వచ్చి, నీ మిషన్ చప్పుడుకు తలకాయ నొస్తున్నదంటది. ఇప్పటికి ఏడు ఇండ్లు మారినం. మారినప్పుడల్లా బోర్డు పీకాలె, పాత గిరాకీ పోతది, మల్ల మొదటి నుంచి షురూ. అందుకే నాకు ఒక్కటే పట్టు. నా మిషన్‌ను నా సొంత గోడకు ఆనిచ్చి పెట్టుకోవాలె, ఎంత చప్పుడు చేసినా ఎవ్వరు వచ్చి అడుగొద్దు. గంతే.

ఎడపల్లి దాటినంక ఒక ఇల్లు దొరికింది. ఆయన దుకాణానికి దగ్గర, నా గిరాకీకి మరీ దూరం గాదు. రెండు అర్రలు, ముందర వరండా, వెనుక చెరుకు తోట, తోట పొంటి కాలువ. కొత్తగ సున్నం, కొత్తగ రంగు. మేము చూడనీకి పోయిన నాడు బయట నెత్తి పగిలే ఎండ. లోపలికి అడుగు పెట్టంగనే సల్లగ తగిలింది, కూలర్ ముందర కూసున్నట్టు. పైన చూస్తె ఫ్యాన్ గూడ లేదు. నాకైతె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మా ఆయన చెయ్యి పట్టుకుని, "గిదే మనిల్లు" అన్న.

"ఆదివారం బయానా పైసలు ఇద్దాం గని, ముందుగాల కాగితాలు ఏమేం చూడాలెనో ఎవరినన్న అడుగు" అన్నడు ఆయన.

అడిగిన. ఎవరిని అడిగిన? వకీలును అడగలే, సర్వేయర్‌ను అడగలే. ఫోన్ల మా దిక్కోళ్లందరు ఉండే ఒక గ్రూపు ఉన్నది, మేక తప్పిపోయినా, పెండ్లి సంబంధం కావాల్నన్నా అండ్లనే పెడ్తరు. గా గ్రూపుల అడిగిన. ఐదు ఫోటోలు పెట్టిన. మొదటి ఫోటోల ఇంటి ముందర నేను, నడుము మీద చెయ్యి పెట్టుకుని. ఆ ఫోటో కోసమని చిలకపచ్చ జాకెట్ కొత్తది కుట్టుకున్న, చేతులకు డబుల్ బార్డర్. కింద రాసిన: "మేము ఈ ఇల్లు కొంటున్నం. లోపల ఏసీ లెక్క సల్లగుంటది. బయానా ఇచ్చే ముందు ఏమేం కాగితాలు చూడాలె, తెలిసినోళ్లు చెప్పుండ్రి."

పది నిమిషాలల్ల ఫోన్ టింగు టింగుమని మోగుడు షురువైంది. నాకు మస్తు ఖుషీ అయింది, మన కోసం ఎంత మంది ఉన్నరో అని. తెరిచి చూస్తె కాగితాల గురించి ఒక్కడు రాయలే.

ఒకాయన, మెట్లు సరి సంఖ్యల ఉన్నయి, ఇంట్ల నిలకడ ఉండదన్నడు. ఒకామె, వరండా గంత ఇరుకుంటె చుట్టాలొస్తె ఏడ కూసుంటరు అన్నది. వచ్చే చుట్టాలు మావోళ్లు, ఆమెకెందుకు పరేషాన్? ఇంకొకాయన, వెనుక చెరుకు తోట ఉన్నది, అడివి పందులు వస్తయి జాగ్రత్త అన్నడు. ముప్కాల్ నుంచి ఒక పెద్దమనిషి, "గా డబ్బులు పెట్టి మా దిక్కు ఎకరం కొనుక్కోరాదు" అని రాసిండు. ఒక పిలగాడైతె "ఫోటో వంకర తీసిండ్రా, ఇల్లే వంకరున్నదా" అని నవ్వే బొమ్మ పెట్టిండు. ఆ ఫోటోలు తీసింది మా ఆయన. ఆయన గా కామెంటు చదివి, కండ్లద్దాలు తుడుచుకుని మల్ల చదివి, బయటికి పోయిండు.

అన్నిటికి నేను జవాబు ఇచ్చిన. ఊకునే రకం గాదు గద నేను. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరా. పొయ్యి మీద పప్పు మాడింది గూడ తెల్వలే. ఇంకో బాధ గూడ ఉండె, మీకు చెప్పుకోనీకి సిగ్గేంది. గంత మంది గన్ని వంకలు పెట్టిండ్రు గని, జాకెట్ మంచిగున్నదని ఒక్కరు గూడ అనలే.

గప్పుడు వచ్చింది రామచిలుక. అంటె పేరు కాడ ఏదో పేరున్నది, బొమ్మ కాడ రామచిలుక. ఒకటే ముక్క రాసింది: "అక్కా, గీ ఇల్లు బీడీలు చేసేటోళ్లకు మంచిగుంటది. ఉండేటోళ్లకు గాదు."

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటరా? నన్ను కన్న మా అవ్వ బీడీలు చేసి మా ముగ్గురు పిల్లలను సాదింది. బడికి పోతె నా బట్టల తంబాకు వాసన వస్తున్నదని పక్కకు జరిగి కూసునేటోళ్లు. గది నేను ఇయ్యాల్టి దాక మర్వలే. సొంతిల్లు కొంటున్న అని పది మందికి చెప్పుకుంటె, నువ్వు బీడీలోళ్ల బిడ్డవే అని ఎవరో గుర్తు చేసినట్టే అనిపించింది. ఏడుపొచ్చింది, దాని మీదికెల్లి కోపమొచ్చింది.

"బీడీలు చేసేటోళ్లు మనుషులు గారా? ఆళ్లకు ఒక ఇల్లు, నీ అసొంటోళ్లకు ఒక ఇల్లా?" అని రాసిన. ఇంకా చానా రాసిన. గవ్వన్ని మీకు చెప్ప.

రామచిలుక నెమ్మదిగ జవాబిచ్చింది. "కోపం చెయ్యకక్క. మూడో ఫోటోల క్యాలెండర్ గంత కిందికి ఎందుకున్నదో సూడు."

"పిల్లలు చూసుకునెతందుకు పెట్టిండ్రు. నీకేం నొప్పి?" అని రాసి, గంతటితోని ఆగలే. ఆ గ్రూపు నడిపించేటామె నా గిరాకీ. ఆమె బిడ్డ పెండ్లి జాకెట్లు పదకొండు నా మిషన్ మీద ఉన్నయి. ఫోన్ చేసి, "వదినా, గా రామచిలుకను గ్రూపుల నుంచి తీసెయ్యి, లేకుంటె నాకు చేతులు ఆడయి, జాకెట్లు పెండ్లి నాటికి అయితయో కావో" అన్న. ఛాయ్ తాగేలోపల రామచిలుక గాయబ్. నేను గెలిచినట్టే మా ఆయన దిక్కు చూసిన. ఆయన, "కాగితాల సంగతి ఎవరన్న చెప్పిండ్రా?" అన్నడు.

ఆదివారం వచ్చింది. బయానా ఇచ్చే రోజు. ఇల్లు చూపిద్దామని మా అవ్వను గూడ తీసుకపోయినం. మా అవ్వ ఏడికి పోయినా చాట, కత్తెర, ఆకు మూట వెంబడి ఉండాల్సిందే. ఖాళీగ కూసుంటె ఒళ్లు నొప్పులంటది. ఇల్లు చూపిచ్చిన బ్రోకర్ తాళం తీసి, ఇల్లమ్మే ఓనర్ హైదరాబాద్ నుంచి వస్తుండు, తొవ్వల ఉన్నడు అన్నడు. గంట అయింది, రెండు గంటలు అయింది. మా ఆయన బ్రోకర్‌తోని వరండాల నిలవడ్డడు. నేను లోపల నా మిషన్ ఏడ పెట్టాలె, అద్దం ఏడ పెట్టాలె అని జానతోని గోడ కొలుస్తున్న. మా అవ్వ లోపలి అర్రల గోడకు ఆనుకుని బీడీలు చేసుకుంటున్నది.

"బిడ్డా" అని పిలిచింది. మొఖం వెలిగిపోతున్నది. "ఎంత మంచి ఇల్లు దొరికిందే నీకు."

"నీకు నచ్చిందా అవ్వా?"

"నచ్చుడా? మనింట్లనైతె గీ ఎండలకు ఆకు గడియల పెళుసైతది, నీళ్లు సల్లి సల్లి సచ్చిపోత. ఈడ సూడు, పొద్దుగాల కత్తిరిచ్చిన ఆకు, మూట ఇప్పి రెండు గంటలైనా ఇంకా ఎంత మెత్తగున్నదో. సుక్క నీళ్లు సల్లలే. బీడీలు చేసేటోళ్లకు గింత మంచి ఇల్లు నేను యాడ సూడలే."

నా చెయ్యి గోడ మీద ఉన్నది ఉన్నట్టే ఆగింది. రామచిలుక రాసిన ముక్కనే మా అవ్వ నోట్ల నుంచి వచ్చింది. ఆమెకు ఫోన్ల కథ ఏం తెల్వదు, నేను చెప్పలే గూడ. తునికాకు ఎండకుంట మెత్తగుండాల్నంటె గాలిల తడి ఉండాలె. గాలిల తడి యాడికెల్లి వస్తది? నేను ఆ ఆకుల నడుమనే పుట్టి పెరిగిన. చిన్నప్పుడు తడి గోనె సంచి కప్పి, ఆకు ఎండకుంట కావలి కాసింది నేనే. నాకు అర్థం కావాల్సిన ముక్క అది. తిట్టు అనుకుని కొట్లాడిన.

ఉరికి పోయి క్యాలెండర్ తీసిన. మోకాలంత ఎత్తుల కొట్టిండ్రు దాన్ని. పిల్లల కోసమంట. వెనుక గోడ నల్లగ, ఉబ్బి ఉన్నది. గోరు పెట్టి గీకిన, కొత్త రంగు పెచ్చు పెచ్చు ఊడి చేతిలకు వచ్చింది. లోపల మట్టి తడి తడి. ముక్కుకు బూజు వాసన కొట్టింది. నేను ఏసీ అనుకున్న సల్లదనం అది. గిరాకీల పట్టు జాకెట్లు, పెండ్లి జాకెట్లు గీ గోడ పక్కన నెల రోజులు పెడితె బూజెక్కి పాడైతయి. మిషన్ సంగతి సరే సరి, తుప్పు పట్టి ఊకుంటది.

మా ఆయన వచ్చి గోడ చూసిండు, నన్ను చూసిండు. బ్రోకర్ దిక్కు తిరిగి, "ఓనర్‌ను వెనుకకు తిరిగి పొమ్మనండ్రి" అన్నడు.

బయటికొచ్చి పక్కింటామెను అడిగిన. "అక్కా, గీ ఇంట్ల ముందుగాల ఎవరు ఉండిరి?"

"గంగామణి ఉండె, బీడీలు చేస్తది. నాలుగేండ్లు ఉన్నది. పిల్లకు దమ్ము లెక్క లేస్తున్నదని, ఊపిరి ఆడుతలేదని ఆర్నెల్ల కింద ఖాళీ చేసి గా మూల మీది ఇంటికి పోయింది."

ఫోన్ తీసి చూసిన, రామచిలుక బొమ్మ పక్కన ఉన్న పేరు గంగామణే. గా రామచిలుక ఆ గోడ పక్కన నాలుగేండ్లు బతికిన మనిషి. ఎవరో తెల్వని నాకు, నేను అడగకున్నా, పిలిచి చెప్పింది. నేను తిడితె గూడ కోపం చెయ్యకక్క అన్నది. ఐదు ఫోటోలల్ల ఒక్క క్యాలెండర్ చూసి, ఏమేం మూసిపెట్టిండ్రో పట్టుకున్నది. నేను రెండు సార్లు లోపల తిరిగి, జానతోని కొలిచి గూడ చూడలే. నిజంగ చెప్తున్న, గంత చూపు నేను ఇంకెవరి కాడ చూడలే.

మా అవ్వను తీసుకుని మూల మీది ఇంటికి పోయిన. వాకిట్ల కూసుని బీడీలు చుడుతున్నది, నా ఈడుదే. నేను గొంతు సవరిచ్చుకుని, "అక్కా, గా ఫోన్ల... ఇంటి ఫోటోలు..." అన్న.

ఆమె ఒక్కసారి తలెత్తి చూసి మల్ల పనిల వడ్డది. "నన్ను గ్రూపుల నుంచి పీకేయించింది నువ్వేనా?"

"నేనేనక్క."

"నిన్న మా మేక తప్పిపోయింది. అండ్ల పెడ్దామంటె గ్రూపే లేకపాయె."

"దొరికిందా అక్క?"

"దొరికింది. చెరుకు తోటల ఉన్నది." దారం పండ్లతోని తెంపింది. "బయానా ఇచ్చినవా?"

"లేదక్క. నీ మాటకే బతికిన. మాఫ్ చెయ్యి."

"నన్ను దేనికి అడుగుతవు మాఫీ, కోపం ఎవరికి రాదు" అన్నది. "కాలువల నీళ్లున్నన్ని దినాలు గా గోడ తాగుతనే ఉంటది. రంగేస్తె ఆగుతదా?" అని, నేను అడిగిన కాగితాల సంగతి గూడ తనే ఎత్తుకున్నది. "ఎవ్వరు చెప్పలే గద నీకు? లింకు డాక్యుమెంట్లు సూడు, ఈసీ తీసి ఇంటి మీద అప్పున్నదో లేదో సూడు, ఇంటి పన్ను రసీదు అడుగు, అన్నదమ్ములుంటె అందరి సంతకాలు తీస్కో." చుట్టుడు ఆపకుంట, వేళ్లు తడబడకుంట చెప్పింది. నేను ఫోన్ తీసి రాసుకున్న. మా అవ్వ అప్పటికే ఆమె పక్కన కూసుని, ఆమె చాటలకెల్లి ఒక బీడీ తీసి తిప్పి తిప్పి చూస్తున్నది. "మస్తు చుడుతవే బిడ్డా" అన్నది. మా అవ్వ గట్ల అనంగ నేను నా జన్మల వినలే.

ఇగ పోతమని లేస్తుంటె గంగామణక్క అన్నది, "ఇంకొకటి చెప్పాల్నా? మల్ల కోపం చేస్తవో ఏమో."

"అయ్యో, చెప్పక్క. నువ్వేం చెప్పినా వింట."

"ఫోటోల నువ్వు చిలకపచ్చ జాకెట్ ఏసుకున్నవు గద. ఎడమ భుజం ఒక వేలంత కిందికి జారింది. ఎవరు కుట్టిండ్రో ఏమో, గాళ్ల కాడ మల్ల ఇయ్యకు."

మా అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. మా ఆయన గేటు కాడికి పోయి అటు తిరిగి నిలవడ్డడు, భుజాలు ఊగుతున్నయ్. ఇరవై ఏండ్ల సంది కుడుతున్న నేను, మెల్లగ, "సరే అక్కా, ఇయ్య" అన్న.

ఇంటికొచ్చి తలుపేసుకుని, ఆ జాకెట్ తీసి టేపు పెట్టి చూసిన. సరిగ్గ ఒక వేలు. గా జాకెట్ ఎవరు కుట్టిండ్రో గంగామణక్కకు నేను ఇంకా చెప్పలే. మీరు గూడ చెప్పకుండ్రి.